పూత రాలేది నవంబరులో, కారణం మే నెలలో

ఈ పూట ద్రాక్ష పూత గురించి మాట్లాడుకుందాం. మన పావగడ తాలూకా అనగానే గుర్తొచ్చే పంట ద్రాక్ష కాదు, శెనక్కాయ. ఆ సంగతి తెలిసే ఈ విషయం ఎత్తుకున్నాను. దక్షిణాన గౌరిబిదనూరు దాటి చిక్కబళ్ళాపుర, దేవనహళ్ళి వైపు వెళ్తే బెంగళూరు బ్లూ, దిల్‌ఖుష్ పందిళ్ళు కనిపిస్తాయి. వాటిని చూసొచ్చినవాళ్ళకు, బోరులో నాలుగు నీళ్ళు పడినవాళ్ళకు మనమూ ఓ రెండెకరాలు వేస్తే ఏం పోతుందన్న ఆలోచన రావడం సహజమే. వేసినవాళ్ళను వేధించే ప్రశ్నలు మాత్రం వేరు. తీగ పచ్చగా ఉంది, ఆకు మీద తెగులు లేదు, పురుగు లేదు, అయినా పూత ఎందుకు జలజలా రాలిపోయింది? గుత్తి రావలసిన చోట నులితీగ ఎందుకొచ్చింది? ఒకే గుత్తిలో నాలుగు కాయలు లావుగా, మిగతావన్నీ మిరియపు గింజల్లా ఎందుకు ఉండిపోయాయి?

ఇవి బయటి నుంచి వచ్చి పడేవి కావు, తీగ ఒంట్లోనే పుట్టే లోపాలు. ఇలాంటి లోపం కనబడగానే మనకు మందుల అంగడి గుర్తొస్తుంది. పూత నిలబడే మందు, గుత్తి సాగే మందు, కాయ ఊరే మందు అంటూ సీసా మీద సీసా ఇంటికి చేరుతుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నవంబరులో మన కళ్ళ ముందు రాలే పూతకు కారణం ఎక్కువసార్లు ఏప్రిల్, మే, జూన్ నెలల్లోనే పడి ఉంటుంది. ఆ నెలల్లో పందిరి కింద ఎండ ఎంత పడింది, నీళ్ళు ఎప్పుడు పెట్టాం, యూరియా ఎంత వేశాం అన్నవే పూత భవిష్యత్తును చాలావరకు తేల్చేస్తాయి. పూత మీద కొట్టే మందు ఆలస్యంగా వస్తుంది. అది కొంత సర్దగలదే గానీ తీగలో లేనిదాన్ని పుట్టించలేదు.

ముందు పువ్వును దగ్గరగా చూద్దాం. ద్రాక్ష పువ్వు రేకులు విప్పుకుని పూయదు. జొన్నగింజంత కూడా ఉండని ఆ మొగ్గలో రేకులన్నీ తల దగ్గర అతుక్కుని ఆకుపచ్చ టోపీగా ఉంటాయి. పూసే వేళకు టోపీ అడుగు అంచున విడుతుంది. లోపలి కేసరాలు దాన్ని పైకి నెట్టి పడేస్తాయి. అప్పుడు పుప్పొడి విడుదలై పక్కనే ఉన్న కీలాగ్రం మీద పడుతుంది. మనం పెంచే రకాల్లో చాలావాటికి ఆడా మగా భాగాలు ఒకే పువ్వులో ఉంటాయి కాబట్టి ఈ పనికి తేనెటీగ కోసం ఎదురుచూడక్కర్లేదు. పువ్వు నీరసంగా ఉన్నా, చినుకు పడి తేమ ఎక్కువైనా టోపీ ఊడకుండా అలాగే అంటుకుపోతుంది. లోపల పుప్పొడి వృథా అవుతుంది. పూత రోజుల్లో గుత్తిని అరచేతి మీద మెల్లగా తట్టి చూడండి. టోపీలు మాత్రమే రాలితే మంచిదే. టోపీ పెట్టుకున్న మొగ్గలే కాడతో సహా రాలుతున్నాయంటే అసలు కథ అక్కడుంది.

అయితే రాలే ప్రతి పువ్వూ నష్టం కాదు. ద్రాక్ష గుత్తిలో పూలు వందల్లో ఉంటాయి, పెద్ద గుత్తుల్లో వెయ్యి కూడా దాటుతాయి. అందులో కాయగా నిలిచేవి మామూలుగా నూటికి 20 నుంచి 50. ఈ లెక్క శెనక్కాయ రైతుకు కొత్తగా చెప్పాలా? పూసిన పూవల్లా ఊడ దిగదు, దిగిన ఊడల్లా కాయ కట్టదు. ఎంత పోషించగలదో అంతే ఉంచుకుని మిగతాది వదులుకోవడం మొక్క నైజం. పైగా తినే ద్రాక్షలో గుత్తి మరీ చిక్కగా ఉంటే కాయ ఊరదు, లోపల కుళ్ళు పడుతుంది. అందుకే పూత సమయంలో జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే హార్మోను వాడి కొన్ని పూలను రాలుస్తారు, తర్వాత కత్తెర పెట్టి ఇంకొన్ని కాయలు తీస్తారు. ఒకే తోటలో ఒక వారం పూత రాల్చే మందు, ఇంకో వారం పూత రాలకుండా ఉండే మందు కొట్టే పరిస్థితి కూడా ఉంది. రెండు డబ్బాల ఖరీదూ రైతుదే. కాబట్టి నేల మీద పడిన పూలను చూసి బెంబేలెత్తడం మాని గుత్తి మీద మిగిలినవాటిని చూసి లెక్క వేయాలి. నిలవాల్సినన్ని కూడా నిలవకపోతేనే అది లోపం.

అలా నిలవకపోవడానికి కారణం ఆహారం చాలకపోవడమేనని ఎలా చెప్పగలం? దీనికి పాత ఆధారం ఒకటుంది. గ్రీసు దేశంలో కొరింథ్ అనే చిన్న గింజలేని ద్రాక్షకు కాయ నిలిచేందుకు తీగ బెరడును సన్నని ఉంగరంలా వలిచే అలవాటు ఉండేది. బెరడు తీసేస్తే ఆకులు చేసిన చక్కెర వేళ్ళకు దిగే దారి కొన్ని రోజులు మూసుకుపోతుంది. ఆ చక్కెర పైనే ఉండి గుత్తికి అందుతుంది, కాయ నిలుస్తుంది. ఇంకో ఆధారం, పూత సమయానికి కొమ్మ చివర చిగురు తుంచడం. అది తుంచితే కాయకట్టు పెరుగుతుందని ఎన్నో ద్రాక్ష దేశాల్లో తేలింది. ఈ రెంటిలోనూ మనం తీగకు కొత్తగా ఇచ్చిందేమీ లేదు. ఉన్న ఆహారాన్ని దారి మళ్ళించామంతే. అయినా పూత నిలిచిందంటే, వేరూ చిగురూ గుత్తీ ఒకే ఆహారం కోసం పోటీ పడుతున్నాయనీ ఆ పోటీలో గుత్తి ఓడిపోతోందనీ అర్థం. అక్టోబరులో కాయ కోసం వేసే కత్తిరింపు తర్వాత చిగురు ఎంత దూకుడుగా లేస్తే గుత్తికి అంత చేటు. బారలు బారలుగా సాగే తీగను చూసి తోట బాగుందని మురిసిపోయే అలవాటును ఇక్కడ కాస్త పక్కన పెట్టాలి.

ఇక అసలు మే నెల సంగతికి వద్దాం. వేడి ప్రాంతాల్లో ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు ఉంటాయి. ఏప్రిల్‌లో వేసేది కట్టె కోసం, అక్టోబరులో వేసేది కాయ కోసం. బెంగళూరు చుట్టుపక్కల చల్లటి చోట్ల బెంగళూరు బ్లూ రెండుసార్లూ కాపిస్తుంది, దాని లెక్క కొంచెం వేరు. థాంప్సన్ సీడ్‌లెస్ లాంటి రకాల్లో ఏప్రిల్ కత్తిరింపు తర్వాత సుమారు 40 నుంచి 60 రోజుల మధ్య, కొత్త కొమ్మ కణుపుల్లోని మొగ్గల లోపల ఒక చిన్న ముద్ద ఏర్పడుతుంది. అది గుత్తి కావచ్చు, నులితీగ కావచ్చు. రెండూ ఒకే మూలం నుంచి పుట్టేవే. 1970ల చివర శ్రీనివాసన్, మల్లిన్స్ అనే శాస్త్రవేత్తలు సైటోకైనిన్ అనే హార్మోను ఇచ్చి నులితీగలనే పూగుత్తులుగా మార్చి చూపించారు. కొమ్మను సాగదీసే జిబ్బరెల్లిన్ హార్మోను ఎక్కువైతే మొగ్గ నులితీగ వైపు, సైటోకైనిన్ అందితే గుత్తి వైపు మొగ్గుతుందని తేలింది. 2002లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బాస్, థామస్ నేచర్ పత్రికలో ఇంకో ముచ్చట ప్రకటించారు. జిబ్బరెల్లిన్ మాట వినని ఒక పొట్టి ద్రాక్ష మొక్కలో నులితీగలు రావలసిన చోటల్లా గుత్తులే వస్తున్నాయి. గోధుమను పొట్టిగా చేసి హరిత విప్లవం తెచ్చిన జన్యువు ఏ కోవదో, ఆ మొక్కలో మారిన జన్యువూ ఆ కోవదే. విపరీతమైన ఎదుగుదలకూ గుత్తికీ పొత్తు కుదరదని ప్రయోగశాల నుంచి వచ్చిన సాక్ష్యం ఇది.

ఆ 40 నుంచి 60 రోజుల్లో మొగ్గకు కావలసింది ముఖ్యంగా ఎండ. నీడలో పెరిగిన కణుపులో గుత్తులు తగ్గుతాయి. మరీ చిక్కటి పందిరి కింద లోపలి ప్రధాన మొగ్గ చచ్చిపోవడం కూడా ఉంది. కణుపులో పైకి ఒక్కటే మొగ్గ కనిపించినా లోపల మూడుంటాయి, నడిమిది ప్రధానమైనది. అది ఎండిపోతే పక్క మొగ్గ చిగురిస్తుంది. ఆకులు వస్తాయి, గుత్తి రాదు, వచ్చినా చిన్నది. పావగడకు ఎండ కరువు లేదు. తిరుమణి చుట్టుపక్కల సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు నిలబడిందే ఆ ఎండను నమ్ముకుని. అలాంటి చోట కూడా పందిరి కింద పట్టపగలే చీకటి చేసుకుంటే తప్పు వాతావరణానిదని అనలేం. పందిరి కింద నిలబడితే నేల మీద ఎండ మచ్చలు అక్కడక్కడా పడుతూ కనిపించాలి. కొమ్మల్ని పలుచన చేయడం, ఏడో ఆకు దాటాక చివర తుంచి పక్క కొమ్మను పెంచే పద్ధతి, అడ్డొచ్చే చిల్లర చిగుళ్ళు తీసేయడం, ఇవన్నీ ఆ రోజుల్లో చేయాల్సినవి. కత్తిరింపు ఏప్రిల్ మొదట్లో పడితే మొగ్గ తయారయ్యే రోజులు మే నెల ఎండలోకి వస్తాయి. కత్తిరింపు మే నెలకు జరిగితే అవే రోజులు జూన్ మబ్బుల కిందికి పోతాయి.

నీళ్ళూ ఎరువులూ కూడా ఈ లెక్కలోవే. కత్తిరించిన మొదటి 40 రోజులు నీరు బాగా కావాలి, ఎందుకంటే అప్పుడే ఆకు రావాలి. తర్వాతి 20 రోజులు నీరు బాగా తగ్గించాలి, నత్రజని ఆపాలి, భాస్వరం ఇవ్వాలి. పొటాష్ వంతు ఆ తర్వాత కట్టె పండే సమయంలో వస్తుంది. ఇక్కడ చాలామంది తడబడతారు. మే నెల ఎండకు తీగ వాడుతుందేమోనన్న భయంతో నీరు పెంచుతారు. ఆ నీటికి యూరియా తోడైతే కొమ్మ ఆగదు, మొగ్గకు ఊపిరాడదు. జులై నుంచి సెప్టెంబరు దాకా చేయాల్సిన పని ఆకును కాపాడుకోవడం. గుత్తి రూపం మొగ్గలో ముందే ఏర్పడినా, విడివిడి పువ్వులు తయారయ్యేది అక్టోబరు కత్తిరింపు తర్వాత చిగురు పగిలేటప్పుడు. అప్పటికి కొత్త ఆకు ఇంకా సంపాదన మొదలుపెట్టదు. పాత కట్టెలో, వేళ్ళలో దాచుకున్న పిండి పదార్థమే ఆ పువ్వులకు దిక్కు. వానాకాలంలో బూజు తెగులుకు ఆకు రాలిపోయిన తోటలో, కిందటేడు మోయలేనంత కాపు మోసిన తీగలో ఆ నిల్వ ఉండదు. అలాంటి తోటలో పువ్వులు పుట్టడమే నీరసంగా పుడతాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పూత రాలేది వాన వల్ల కదా, పూత మీద వాన పడితే ఎవరేం చేయగలరు? ఇందులో నిజముంది. మనకు వానలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో పడతాయి, తుపాను పట్టిందంటే నవంబరు కూడా తడుస్తుంది. కాకపోతే ఒకే వానకు పక్కపక్క తోటలు ఒకేలా నష్టపోవు. నిల్వ బాగున్న తీగ కొన్ని పూలు పోగొట్టుకుని తట్టుకుంటుంది, నీరసపు తీగ గుత్తికి గుత్తి వదిలేస్తుంది. యూరప్ పుస్తకాల్లో పూత రాలడానికి చలిని ముఖ్య కారణంగా రాస్తారు, అక్కడ పూత వసంతపు చలిలో పడుతుంది కాబట్టి. మనకు చలి అంత పెద్ద సమస్య కాదు, మబ్బూ తేమా సమస్య. కత్తిరించిన 35 నుంచి 45 రోజులకు పూత వస్తుంది కాబట్టి సెప్టెంబరులో తొందరపడి కత్తిరిస్తే పూత నేరుగా వానల్లోకి పోతుంది. అక్టోబరు మధ్యలో కత్తిరిస్తే ముప్పు పూర్తిగా తప్పదు గానీ తగ్గుతుంది. ముందు అమ్ముకుంటే ధర బాగుంటుందన్న ఆశే తొందర కత్తిరింపుకు కారణం. ఆ ఆశకు ఎంత పూతను పణంగా పెట్టొచ్చో రైతు ముందే తేల్చుకోవాలి. ఇంకో మాట. రాలిన పూత మీద తెల్లటి బూజు, ఆకు మీద నూనె మచ్చలు కనిపిస్తే అది బూజు తెగులు. దానికి మందు కొట్టాల్సిందే. ఒంటి లోపం వల్ల రాలే పువ్వు కాడ దగ్గర శుభ్రంగా విడిపోతుంది, తోటంతా దాదాపు ఒకేలా కనిపిస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. పక్క తోటాయన బోరాన్ కొట్టాడు, పూత నిలిచింది, మరి మందు పని చేసినట్టే కదా? చేసి ఉండొచ్చు. పుప్పొడి నాళం కిందికి దిగడానికి బోరాన్ కావాలి, జింకు లేకపోతే చిట్టి కాయలు పడతాయి. లోపం ఉన్న తోటలో ఇవి నిజంగానే పని చేస్తాయి, అదీ పూతకు ముందు ఇస్తేనే. లోపం లేని తోటలో బోరాన్ ఎక్కువైతే ఆకు అంచులు మాడుతాయి, ఎందుకంటే చాలడానికీ ఎక్కువ కావడానికీ మధ్య దూరం ఆ పోషకంలో చాలా తక్కువ. కాబట్టి పక్క తోటలో పనిచేసింది మన తోటకు మందో విషమో పరీక్షే చెప్పాలి. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత 45వ రోజున కొమ్మ మొదలు నుంచి ఐదో ఆకు తొడిమలు కోసి పరీక్షకు పంపడం బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ పనుల వల్ల స్థిరపడిన పద్ధతి. ఆ సంస్థ కృషి విజ్ఞాన కేంద్రం మన జిల్లాలోనే హిరేహళ్ళిలో ఉంది. ఎదుగుదల ఆపే క్లోర్‌మెక్వాట్ మాటా చెప్పుకోవాలి. అది కొమ్మ సాగడాన్ని ఆపి మొగ్గలో గుత్తిని పెంచుతుంది, అది నిజమే. కానీ 2010లో మన ద్రాక్ష యూరప్ చేరాక ఆ మందు అవశేషాలు దొరికి కంటెయినర్లు తిరస్కరించారు, ఎగుమతి రైతులు భారీగా నష్టపోయారు. నీరు తగ్గించడం, యూరియా ఆపడం, చివర తుంచడం, ఈ మూడూ చాలావరకు అదే పని చేస్తాయి, కాయలో ఏమీ మిగల్చవు.

ఇక పావగడకు ప్రత్యేకమైన సంగతి బోరు నీరు. మన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువని లోకానికంతా తెలుసు, దంతాలూ ఎముకలూ సాక్ష్యం చెబుతాయి. గ్రానైటు నేలల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే నీళ్ళలో మామూలుగా కాల్షియం తక్కువ, సోడియం, బైకార్బొనేటు ఎక్కువ ఉంటాయి. ద్రాక్ష పూతకు వీటితోనే ఇబ్బంది. బైకార్బొనేటు వల్ల జింకూ ఇనుమూ నేలలో ఉన్నా వేరుకు అందవు. సోడియం పెరిగితే పొటాషియం వెనకబడుతుంది, ఆకు అంచులు మాడి తీగ సంపాదన పడిపోతుంది. ఉప్పును తట్టుకుంటుందని డాగ్‌రిడ్జ్ అనే వేరుమొక్క మీద అంటుకట్టే పద్ధతి కర్ణాటక, మహారాష్ట్రల్లో బాగా పాకింది. నీటి ఎద్దడికి అది మంచిదే గానీ దాని దూకుడు ఎక్కువ. దాని మీద కట్టిన తీగకు యూరియా విషయంలో చెయ్యి ఇంకా బిగబట్టాలి. శెనక్కాయకు ఊడలు దిగేటప్పుడు జిప్సం వేయడం మనకు అలవాటే. నేలలో సోడియం ఎక్కువైన ద్రాక్ష తోటకు కూడా, నేల పరీక్ష చూసి, జిప్సం అక్కరకొస్తుంది.

ఇవన్నీ చేసినా మొగ్గలో గుత్తి ఉందో లేదో అక్టోబరు దాకా తెలియదు కదా అంటే, తెలుసుకోవచ్చు. మహారాష్ట్రలో కత్తిరింపుకు ముందు మొగ్గలను బ్లేడుతో కోసి సూక్ష్మదర్శిని కింద చూసి ఏ కణుపులో గుత్తి ఉందో చెప్పే ప్రయోగశాలలు ఉన్నాయి. అవి అందకపోతే ఇంకో ఉపాయం ఉంది. తోటలో వేర్వేరు చోట్ల కొన్ని కొమ్మల్ని అసలు కత్తిరింపుకు మూడు నాలుగు వారాల ముందే కత్తిరించండి. కొన్నింటిని నాలుగో కణుపు మీద, కొన్నింటిని ఆరో కణుపు మీద, కొన్నింటిని ఎనిమిదో కణుపు మీద. చిగురు నాలుగైదు ఆకులు విప్పేసరికి ఎక్కడ గుత్తి వచ్చిందో, ఎక్కడ నులితీగ వచ్చిందో కనిపిస్తుంది. థాంప్సన్‌లో మొదటి కణుపుల్లో గుత్తి తక్కువ, కాబట్టి అలవాటు కొద్దీ పొట్టిగా కత్తిరించి తర్వాత గుత్తులు రాలేదని బాధపడిన తోటలు తక్కువేమీ కావు.

కొత్తగా ద్రాక్ష వేయాలనుకునేవాళ్ళు చూడవలసింది అక్టోబరు నీళ్ళు కాదు. ఏడాదికి 500, 600 మిల్లీమీటర్ల మధ్య వాన పడే తాలూకాలో అక్టోబరులో చెరువులో అంతో ఇంతో తడి ఉంటుంది, బోరూ కాస్త తేరుకుంటుంది. ఏప్రిల్ కత్తిరింపు తర్వాతి 40 రోజులే గట్టి పరీక్ష. అంటే నాగలమడికె దగ్గర ఉత్తర పినాకిని ఇసుక తేలి, వై.ఎన్. హొసకోటె వైపు బోర్లు గంటకోసారి గాలి వదిలే రోజులు. మొక్కలు కొనకముందు ఆ రోజుల్లో మీ బోరు రోజుకు ఎన్ని గంటలు ఆగకుండా పోస్తుందో ఒక డ్రమ్ము పెట్టి, గడియారం చూసి కొలవండి. వరసగా రెండు వేసవులు అలా కొలిచి, వచ్చిన తక్కువ అంకెను చేతిలో పెట్టుకుని హిరేహళ్ళి కేంద్రం వాళ్ళను అడగండి. ఆ నీటికి ఎన్ని తీగలు బతుకుతాయో వాళ్ళు లెక్క కట్టి చెబుతారు. రెండెకరాలు అనుకున్నది అరెకరం అని తేలితే అరెకరమే వేయండి, మిగతా ఒకటిన్నర ఎకరంలో శెనక్కాయ ఎలాగూ ఉంది.